ఓక్వీ ఎన్వేజోర్

ఓక్వీ ఎన్వేజోర్ (1963–2019) నైజీరియాలో పుట్టి, అమెరికాలో చదువుకుని, జర్మనీలో పేరు తెచ్చుకున్న కళా విమర్శకుడు, సంపాదకుడు, క్యురేటర్. యౌవనంలో కవి కూడా. జర్మనీలోని కాసెల్ పట్టణంలో అయిదేళ్లకోసారి జరిగే డాక్యుమెంటా ప్రదర్శనకు 2002లోనూ, వెనిస్ బినాలేకు 2015లోనూ సారథ్యం వహించారు. సమకాలీన కళకు ఇంతకన్నా పెద్ద వేదికలు లేవు. ఆయనకు ముందు ఈ రెండింటినీ నడిపినవారు స్విట్జర్లాండ్‌కు చెందిన హరాల్డ్ జేమన్ ఒక్కరే. యూరప్ బయటి వ్యక్తి డాక్యుమెంటాకు కళా దర్శకుడు కావడం ఎన్వేజోర్‌తోనే మొదలు. ఆఫ్రికాలో పుట్టిన వ్యక్తి వెనిస్ బినాలేకు క్యురేటర్ కావడం కూడా ఆయనతోనే మొదలు.

అందుకని ఆయనను ఆఫ్రికా కళకు రాయబారిగా చెప్పుకోవడం అలవాటైంది. అది సగమే నిజం. పాశ్చాత్య మ్యూజియంలో ఆఫ్రికాకు ఒక గది ఇప్పించినంత మాత్రాన ఆయన తృప్తిపడేవారు కాదు. ఆ గదుల పటం ఎవరు గీశారన్నది ఆయన ప్రశ్న. ఆధునిక కళ చరిత్రను పారిస్‌లో మొదలై న్యూయార్క్‌లో తేలే ఒకే దారిగా ఎందుకు చెప్పుకుంటున్నాం? వలస రాజ్యాలు కూలిన దశాబ్దాల్లో లాగోస్, డాకర్, ఢిల్లీ, కైరోల్లో జరిగినదంతా ఆ కథలోకి ఎందుకు రాలేదు? పాతికేళ్ల పాటు పత్రికలోనూ వ్యాసంలోనూ ప్రదర్శనలోనూ ఆయన ఇదే అడుగుతూ వచ్చారు. ఆయన పెట్టిన ప్రదర్శనలు చాలావరకు గోడల మీద పరిచిన వ్యాసాలే. వాటి బలమూ అదే, బలహీనతా అదే.

కలబార్, ఎనుగు

ఎన్వేజోర్ 1963 అక్టోబరు 23న ఆగ్నేయ నైజీరియాలోని రేవు పట్టణం కలబార్‌లో ఒక ఇగ్బో కుటుంబంలో పుట్టారు. వారి స్వస్థలం ఇప్పటి అనంబ్రా రాష్ట్రంలోని అవ్‌కుజు. నైజీరియాకు స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి మూడేళ్లే. ఆయనకు నాలుగో ఏడు నడుస్తుండగా తూర్పు ప్రాంతం బయాఫ్రా పేరుతో విడిపోతున్నట్టు ప్రకటించింది. 1967 జులైలో మొదలైన అంతర్యుద్ధం 1970 జనవరి దాకా సాగింది. తుపాకుల కన్నా దిగ్బంధం వల్ల వచ్చిన ఆకలే ఎక్కువమందిని చంపింది. మృతులు పది లక్షల నుంచి ముప్పై లక్షల దాకా ఉంటారని అంచనాలు. ఎన్వేజోర్ కుటుంబం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చోటు మార్చి చోటు తిరిగింది. యుద్ధం ముగిశాక ఆయన ఎనుగు నగరంలో పెరిగారు. బయాఫ్రాకు మొదటి రాజధాని ఆ ఊరే.

ఒక మనిషి బాల్యాన్నీ రచననూ మరీ సూటిగా ముడివేయడం మంచి పద్ధతి కాదు. అయినా ఒక విషయం తట్టక మానదు. డొక్కలు తేలిన ఆఫ్రికా పిల్లల ఫొటోలు పాశ్చాత్య పత్రికల అట్టలకెక్కి, ఒక ఖండానికే ముఖచిత్రంగా స్థిరపడింది బయాఫ్రా యుద్ధంతోనే. సరిగ్గా ఆ కాలంలో, ఆ నేల మీద పసివాడిగా ఉన్న మనిషి తర్వాత ముప్పై రెండేళ్ల వయసులో న్యూయార్క్‌లో పెట్టిన తొలి పెద్ద ప్రదర్శన ఆఫ్రికన్లు తమను తాము తీసుకున్న ఫొటోల గురించి.

బ్రాంక్స్‌లో రాజనీతి, ఈస్ట్ విలేజ్‌లో కవిత్వం

నసుక్కాలోని నైజీరియా విశ్వవిద్యాలయంలో ఒక సెమిస్టర్ చదివి, 1982లో పద్దెనిమిదేళ్ల వయసులో ఎన్వేజోర్ న్యూయార్క్ చేరారు. మొదట ఉన్నది బ్రాంక్స్‌లో. నది అవతల న్యూజెర్సీలోని జెర్సీ సిటీ స్టేట్ కాలేజీలో 1987లో రాజనీతి శాస్త్రంలో డిగ్రీ తీసుకున్నారు. కళాచరిత్రలో ఆయనకు పట్టా లేదు. ఈ సంగతిని విమర్శకులు అప్పుడప్పుడూ ఎత్తిపొడుపుగా వాడారు కానీ, ఆయన పనిని చూస్తే ఆ రాజనీతి చదువు వృథా పోలేదనిపిస్తుంది. పౌరసత్వం, రాజ్యాంగం, జాతి, సరిహద్దు అన్న మాటలు ఆయన కళా వ్యాసాల్లో రంగు, గీత అన్న మాటల కన్నా ఎక్కువసార్లు వస్తాయి.

చదువయ్యాక మన్‌హాటన్ చేరి కవిత్వం రాశారు. నిట్టింగ్ ఫ్యాక్టరీలోనూ, ప్యూర్టోరికన్ కవులు నెలకొల్పిన న్యూయోరికన్ పోయెట్స్ కెఫేలోనూ కవితలు చదివారు. అక్కడి నుంచి అడుగు గ్యాలరీల వైపు పడింది. చూసినదాని మీద కోపం వచ్చింది. విమర్శ రాయడం అలా మొదలైంది.

ఆ కోపానికి కారణం తెలియాలంటే అప్పటి వాతావరణం కొంత చెప్పాలి. 1984లో న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం పికాసో వంటి వారి పక్కన ఆఫ్రికా, ఓషియానియా ముసుగులను పెట్టి ఒక భారీ ప్రదర్శన చేసింది. అటు పక్క కళాకారులకు పేర్లున్నాయి, తేదీలున్నాయి. ఇటు పక్క తెగల పేర్లే. 1989లో పారిస్‌లో జాఁ హ్యూబర్ మార్తాఁ పెట్టిన 'మాంత్రికులు' ప్రదర్శన దీనికి ప్రాయశ్చిత్తంలా వచ్చింది. సగం మంది కళాకారులను పాశ్చాత్య ప్రపంచం బయటి నుంచి తెచ్చి, వారి పేర్లతోనే చూపింది. కానీ ఆఫ్రికా నుంచి ఎంచుకున్నవారిలో ఎక్కువమంది కళాశాల ముఖం చూడనివారు, శవపేటికలు చెక్కేవారు, సైన్‌బోర్డులు రాసేవారు. నసుక్కాలోనో ఖార్టూమ్‌లోనో డాకర్‌లోనో కళాశాలలో చదివి, చర్చలు చేసి, మేనిఫెస్టోలు రాసిన ఆధునికులకు అక్కడ చోటు దక్కలేదు. వారు 'అసలైన' ఆఫ్రికన్లుగా కనిపించలేదన్నమాట. ఎన్వేజోర్ తరం తిరగబడింది ఈ దయ మీదే.

ఎన్‌కా

1994లో ఎన్వేజోర్ బ్రూక్లిన్ నుంచి 'ఎన్‌కా' అనే సమకాలీన ఆఫ్రికన్ కళా పత్రికను ప్రారంభించారు. ఇగ్బోలో ఆ మాటకు కళ, నేర్పు అని అర్థం. నసుక్కాలో చదువుకున్న కవి, చిత్రకారుడు ఓలు ఒగ్విబే, చరిత్రకారుడు చికా ఒకేకె అగులు, సుడాన్ నుంచి వచ్చి కోర్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న సలా హసన్ ఆయనకు తోడయ్యారు. ఇదొక చిన్న పత్రిక. చందాదారులు తక్కువ, డబ్బు అంతకన్నా తక్కువ. కానీ అంతవరకు ఆఫ్రికా కళ గురించి రాసేవారు ఎక్కువగా మానవశాస్త్రవేత్తలో సేకరణకర్తలో అయి ఉండేవారు. 'ఎన్‌కా'లో ఆఫ్రికన్ కళాకారుడి మీద ఆఫ్రికన్ విమర్శకుడు సిద్ధాంత పరిభాషతో రాసేవాడు, అవసరమైతే తిట్టేవాడు. ఒక కళారంగానికి పొగడ్తల కన్నా తమలో తాము తగువులాడుకునే చోటు ఎంత అవసరమో ఆ పత్రిక పాత సంచికలు తిరగేస్తే అర్థమవుతుంది. ఎన్వేజోర్ పోయాక కూడా 'ఎన్‌కా' ఆగలేదు. ఇప్పుడు దాన్ని డ్యూక్ యూనివర్సిటీ ప్రెస్ ప్రచురిస్తోంది.

ఆ పత్రిక చర్చల నుంచే 1999లో ఒగ్విబేతో కలిసి ఆయన సంపాదకత్వం వహించిన 'రీడింగ్ ది కాంటెంపరరీ' వ్యాస సంకలనం వచ్చింది. ఆఫ్రికన్ కళ మీద పాఠాలు చెప్పేవారికి అది చాలాకాలం ఆధార గ్రంథంగా ఉంది.

గుగ్గెన్‌హైమ్, 1996

న్యూయార్క్‌లోని గుగ్గెన్‌హైమ్ మ్యూజియం 1996 వేసవిలో లండన్ రాయల్ అకాడమీ నుంచి 'ఆఫ్రికా: ఒక ఖండపు కళ' అనే బృహత్ ప్రదర్శనను తెప్పించుకుంది. వేల ఏళ్ల శిల్పాలు, ముసుగులు, పాత్రలు. ఆ ప్రదర్శన ఇరవయ్యో శతాబ్దం దగ్గరకొచ్చేసరికి ఆగిపోతుంది. దానికి తోడుగా అదే భవనంలో ఎన్వేజోర్ మరో ముగ్గురితో కలిసి 'ఇన్/సైట్' పేరుతో 1940 నుంచి అప్పటి దాకా ముప్పైమంది ఆఫ్రికన్ ఫొటోగ్రాఫర్ల పనిని చూపారు.

బమాకోలో సేదూ కేయితా స్టూడియోకు వచ్చి రేడియోనో స్కూటర్‌నో పక్కన పెట్టుకుని, కుట్టించుకున్న కొత్త బట్టల్లో నిలబడిన కుటుంబాలు. బాంగీలో రాత్రి దుకాణం కట్టేశాక మిగిలిపోయిన ఫిల్ము మీద తన బొమ్మే తాను తీసుకున్న కుర్రాడు సామ్యుయెల్ ఫోసో. వర్ణవివక్ష కింద జొహానెస్‌బర్గ్ జీవితాన్ని నమోదు చేసిన 'డ్రమ్' పత్రిక ఛాయాగ్రాహకులు, డేవిడ్ గోల్డ్‌బ్లాట్, సంతు మొఫొకెంగ్. పేరులేని చెక్కడాలు చూసి వచ్చిన సందర్శకుడికి ఇక్కడ కెమెరా వైపు సూటిగా, కాస్త దర్పంగా చూసే నగరవాసులు ఎదురయ్యారు. ఏ గోడ మీది వివరణ పలకా చెప్పలేనంత స్పష్టంగా ఆ పొరుగు చెప్పింది. ఎన్వేజోర్ ప్రదర్శనలన్నిటిలో వాదన ఇంత తేలిగ్గా కంటికి అందినది ఇదే అని ఈ వ్యాసకర్త అభిప్రాయం. తర్వాతివి ఇంతకన్నా పెద్దవి, బరువైనవి.

ఫొటోగ్రఫీతో ఆయన బంధం చివరిదాకా కొనసాగింది. న్యూయార్క్‌లోని అంతర్జాతీయ ఫొటోగ్రఫీ కేంద్రంలో 2006లో కొత్త ఆఫ్రికన్ ఫొటోగ్రఫీ మీద 'స్నాప్ జడ్జిమెంట్స్', 2008లో పత్రాలూ పాత ఫొటోలూ కళలోకి ఎలా వచ్చాయో చెప్పిన 'ఆర్కైవ్ ఫీవర్' చేశారు. 2012లో రోరీ బెస్టర్‌తో కలిసి 'వర్ణవివక్ష ఎదుగుదల, పతనం' ప్రదర్శన తెచ్చారు. అది మ్యూనిక్ మీదుగా 2014లో జొహానెస్‌బర్గ్ చేరింది.

జొహానెస్‌బర్గ్

ఆయన జీవితంలో ఎక్కువగా చర్చకు నోచుకోవలసిన ఘట్టం డాక్యుమెంటా కన్నా జొహానెస్‌బర్గ్. 1994 ఎన్నికల తర్వాత కొత్త దక్షిణాఫ్రికా ప్రపంచానికి తలుపులు తెరుస్తూ 1995లో మొదటి బినాలే జరిపింది. రెండోదానికి ఎన్వేజోర్‌ను కళా దర్శకుడిగా పిలిచింది. 'ట్రేడ్ రూట్స్: చరిత్ర, భూగోళం' పేరుతో 1997 అక్టోబరులో ఆయన దాన్ని తెరిచారు.

వెనిస్ మాదిరిగా దేశానికో పెవిలియన్ అన్న పద్ధతిని ఆయన తీసేశారు. దాని బదులు ఆరు ప్రదర్శనలు. క్యూబా విమర్శకుడు గెరార్డో మొస్కెరా, చైనా నుంచి పారిస్ చేరిన హూ హాన్రూ, అమెరికన్ చరిత్రకారిణి కెల్లీ జోన్స్, కొరియాకు చెందిన యూ యన్ కిమ్, దక్షిణాఫ్రికాకు చెందిన కోలిన్ రిచర్డ్స్ తలా ఒకటి చేశారు. ఆరోది ఆక్టావియో జాయాతో కలిసి ఎన్వేజోర్ చేసినది. జొహానెస్‌బర్గ్ న్యూటౌన్‌లోని పాత విద్యుత్ కేంద్రం కేంద్ర వేదిక. కొన్ని ప్రదర్శనలు కేప్‌టౌన్‌లో, అందులో ఒకటి డచ్చివారి పాత కోటలో. వలస వ్యాపారుల ఓడలు ఆగిన ఆ రేవులో బానిసత్వం, సుగంధ ద్రవ్యాలు, బంగారం నడిచిన దారుల గురించి మాట్లాడటం ఊరికే అనుకున్నది కాదు.

బయటి నుంచి వచ్చిన విమర్శకులు దీన్ని ఆ దశాబ్దపు గొప్ప బినాలేల్లో ఒకటన్నారు. ఊళ్లో కథ వేరు. నగరపాలక సంస్థ ఖజానా ఖాళీ. నల్లజాతి బస్తీల నుంచి జనం పెద్దగా రాలేదు. ఇళ్లు, నీళ్లు కావలసిన చోట ఈ ఖర్చేమిటన్న ప్రశ్న వచ్చింది. స్థానిక కళాకారులు తమ ఊళ్లో జరిగే పండగకు తామే అతిథులమయ్యామని నొచ్చుకున్నారు. నెల రోజుల ముందే దాన్ని మూసేశారు. మూడో జొహానెస్‌బర్గ్ బినాలే ఇంతవరకు జరగలేదు.

ఇదే సమయంలో ఆయన వ్యాసం ఒకటి ఆ దేశంలో నిప్పు రాజేసింది. 'రీఫ్రేమింగ్ ది బ్లాక్ సబ్జెక్ట్' అనే ఆ రచనలో, వర్ణవివక్ష పోయాక కూడా తెల్ల కళాకారులు నల్లవారి దేహాలను తమ బొమ్మలకు ముడిసరుకుగా వాడుకుంటున్న తీరును ఆయన ఘాటుగా ఖండించారు. విమర్శకు గురైనవారిలో కాండిస్ బ్రైట్స్, పెనీ సియోపిస్ ఉన్నారు. ఎవరిని ఎవరు చిత్రించవచ్చో చెప్పడానికి అమెరికా నుంచి దిగిన నైజీరియన్ ఎవరని కొందరు మండిపడ్డారు. సరైన ప్రశ్న, సమయానికి వేశాడని మరికొందరు వెనకేసుకొచ్చారు. ఆ వాదనలతో 1999లో 'గ్రే ఏరియాస్' అని ఒక లావుపాటి పుస్తకమే వచ్చింది. దాని ఇద్దరు సంపాదకుల్లో బ్రైట్స్ ఒకరు. విమర్శ తగిలినవారే చర్చను పుస్తకంగా తేవడం అరుదు. ఆ వ్యాసం పదును ఇప్పటికీ తగ్గలేదు కానీ, అందులో కళాఖండాలను దగ్గరగా చూసిన పంక్తులు తక్కువ, తీర్పులు ఎక్కువ.

కాసెల్, 2002

డాక్యుమెంటా 1955లో మొదలైంది. నాజీలు నిషేధించిన ఆధునిక కళను, బాంబులకు నేలమట్టమైన ఒక జర్మన్ పట్టణానికి తిరిగి తేవడం దాన్ని ప్రారంభించిన ఆర్నోల్డ్ బోడె ఉద్దేశం. వంద రోజులు నడుస్తుంది. 1998లో పదకొండో డాక్యుమెంటా బాధ్యతను ఎన్వేజోర్‌కు అప్పగించినప్పుడు ఆయన వయసు ముప్పై అయిదు.

ఆయన ఏకంగా డాక్యుమెంటా అంటే ఏమిటన్నదే మార్చేశారు. కాసెల్ ప్రదర్శనను అయిదో వేదికగా పెట్టి, అంతకుముందు నాలుగు వేదికలను కాసెల్‌కు దూరంగా నడిపారు. 2001లో వియన్నా, బెర్లిన్‌లలో ప్రజాస్వామ్యం మీద చర్చ. అదే ఏడాది మే నెలలో న్యూఢిల్లీలో, ఇండియా హాబిటాట్ సెంటర్‌లో, దక్షిణాఫ్రికా ట్రూత్ కమిషన్ వంటి అనుభవాల మీద రెండో వేదిక. దాని పేరులో గాంధీ ఆత్మకథ పేరును కావాలనే కలిపారు. 2002 జనవరిలో కరీబియన్ దీవి సెయింట్ లూసియాలో సంకర సంస్కృతుల మీద మూడోది. మార్చిలో లాగోస్‌లో ఫ్రీటౌన్, జొహానెస్‌బర్గ్, కిన్షాసా, లాగోస్ అనే నాలుగు ఆఫ్రికా నగరాల మీద నాలుగోది. ఈ నాలుగింటిలోనూ గోడకు తగిలించిన బొమ్మల కన్నా మాటలకే పెద్దపీట. న్యాయవేత్తలు, చరిత్రకారులు, నగర శాస్త్రజ్ఞులు మాట్లాడారు. ఆ ప్రసంగాలన్నీ సంపుటాలుగా అచ్చయ్యాయి. కళా ప్రదర్శనను జ్ఞానం తయారయ్యే చోటుగా చూడాలన్నది ఆయన పట్టుదల.

ఆయనతో పనిచేసిన క్యురేటర్లు ఆరుగురు: కార్లోస్ బసువాల్దో, ఉటె మెటా బావర్, సూసన్ గెజ్, శరత్ మహరాజ్, మార్క్ నాష్, ఆక్టావియో జాయా. శరత్ మహరాజ్ దక్షిణాఫ్రికాలోని భారతీయ సంతతివారు.

2002 జూన్ 8న కాసెల్‌లో తలుపులు తెరిచినప్పుడు సందర్శకులకు ఎదురైనది అమెరికా మీద దాడుల తర్వాతి ప్రపంచం. పాత బైండింగ్ బీరు ఫ్యాక్టరీ కొత్త వేదికగా చేరింది. స్టీవ్ మెక్వీన్ దక్షిణాఫ్రికా బంగారు గనిలో మైళ్ల లోతుకు దిగి తీసిన చిత్రం, ఓడల మీదా రేవుల మీదా అలన్ సెకులా ఏళ్ల తరబడి తీసిన ఫొటోలు, ఆఫ్రికన్ ముద్రణ బట్టలతో పద్దెనిమిదో శతాబ్దపు దొరల దుస్తులు కుట్టించిన యింకా షోనిబారె విలాస దృశ్యం, కిన్షాసాకు చెందిన బోడిస్ ఇసెక్ కింగెలెజ్ అట్టలతో కట్టిన కలల నగరం ఉన్నాయి. టామస్ హిర్ష్‌హోర్న్ తన ఇన్‌స్టలేషన్‌ను మ్యూజియంలో కాక, టర్కీ నుంచి వచ్చిన కుటుంబాలు ఎక్కువగా ఉండే కాలనీలో, అక్కడి కుర్రాళ్లను పనిలో పెట్టుకుని కట్టారు.

మన దేశం నుంచి వెళ్లినవారిలో ఢిల్లీ బృందం రాక్స్ మీడియా కలెక్టివ్, వాఘా సరిహద్దు మీద చిత్రం తీసిన అమర్ కన్వర్, దక్షిణ గుజరాత్ కూలీల జీవితాన్ని ఫొటోలు తీసిన రవి అగర్వాల్ ఉన్నారు. ముగ్గురి సామగ్రీ కెమెరా, పత్రం, నగరం. అంతర్జాతీయ వేదికల మీద భారతీయ కళ అంటే కాన్వాస్ అనుకునే అలవాటుకు ఆ ఎంపిక పెద్ద కుదుపు.

దాదాపు ఆరున్నర లక్షల మంది చూశారు. మెచ్చుకోని వారూ చాలామందే. వీడియోలూ డాక్యుమెంటరీలూ ఎన్ని ఉన్నాయంటే ఏ సందర్శకుడూ అన్నీ పూర్తిగా చూడలేడు. కళాప్రదర్శనకు వెళ్తే సదస్సు పెట్టారన్నారు కొందరు. ఈ ఆరోపణలో నిజం లేకపోలేదు. బొమ్మ ముందు నిలబడి ఉబ్బితబ్బిబ్బయ్యే సందర్శకుడి మీద ఎన్వేజోర్‌కు పెద్ద ఆసక్తి ఉన్నట్టు కనిపించదు. కానీ ఆ తర్వాత వచ్చిన పెద్ద ప్రదర్శనల్లో ఆయన వాడిన పనిముట్లు దాదాపు అన్నిట్లోనూ కనిపిస్తాయి: ఊరు దాటిన చర్చలు, పరిశోధన మీద నడిచే కళ, ఆర్కైవ్, దేశాల వారీ లెక్క లేని ఎంపిక.

కాసెల్ పనులు నడుస్తుండగానే 2001లో మ్యూనిక్‌లో 'ది షార్ట్ సెంచరీ' తెరిచారు. 1945 నుంచి 1994 దాకా ఆఫ్రికా స్వాతంత్ర్య ఉద్యమాలను బొమ్మలు, పోస్టర్లు, బట్టలు, సంగీతం, సినిమా, కరపత్రాలతో కలిపి చూపిన ప్రదర్శన అది. బెర్లిన్, షికాగో మీదుగా న్యూయార్క్ చేరింది. ఆయన పేరు చెప్పగానే డాక్యుమెంటాను తలుచుకునేవారు ఎక్కువ. ఆఫ్రికా చరిత్ర చదివేవారు మాత్రం దీని కేటలాగునే వెతుక్కుంటారు.

మధ్య సంవత్సరాలు

2005 నుంచి 2009 దాకా శాన్ ఫ్రాన్సిస్కో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో డీన్‌గా పనిచేశారు. 2006లో అమెరికాలోని కాలేజ్ ఆర్ట్ అసోసియేషన్ కళా విమర్శకు ఇచ్చే ఫ్రాంక్ జూయెట్ మాథర్ పురస్కారం వచ్చింది. అదే ఏడాది స్పెయిన్‌లోని సెవిల్ బినాలే, 2008లో దక్షిణ కొరియాలోని గ్వాంగ్జు బినాలే, 2012లో పారిస్ త్రైవార్షిక ప్రదర్శన ఆయన చేతిమీదుగా నడిచాయి. గ్వాంగ్జులో ఆయనకు తోడుగా ఉన్న ఇద్దరు క్యురేటర్లలో ముంబయి కవి, విమర్శకుడు రంజిత్ హోస్కోటె ఒకరు. 2009లో చికా ఒకేకె అగులుతో కలిసి 1980 తర్వాతి ఆఫ్రికన్ కళ మీద సమగ్ర గ్రంథం తెచ్చారు.

హిట్లర్ కట్టించిన ఇంట్లో

2011లో ఎన్వేజోర్ మ్యూనిక్‌లోని హౌస్ డెర్ కున్‌స్ట్‌కు డైరెక్టరయ్యారు. ఆ భవనం చరిత్ర తెలిస్తే ఈ నియామకం బరువు తెలుస్తుంది. పాల్ లుడ్విగ్ ట్రూస్ట్ గీసిన నమూనాతో నాజీలు దాన్ని 'జర్మన్ కళా భవనం'గా కట్టి 1937లో తెరిచారు. హిట్లర్ స్వయంగా ప్రారంభించాడు. ఆర్య దేహాలు, పొలం దున్నే రైతులు, ధీర సైనికులు. ఆ మరునాడే కొద్ది దూరంలో, ఆధునిక కళను ఎగతాళి చేస్తూ 'క్షీణ కళ' ప్రదర్శన మొదలైంది. నల్లవారి కళ ప్రభావం ఉందన్నది అక్కడ ఒక నిందారోపణ. అలాంటి ఇంటికి ఒక ఇగ్బో మనిషి యజమానిగా వచ్చాడు.

భవనం గతాన్ని కప్పిపుచ్చడం ఆయనకు నచ్చలేదు. 2014లో లోపలే ఒక ఆర్కైవ్ గ్యాలరీ తెరిచి, ఆ ఇంటి చరిత్రను శాశ్వతంగా చూపేలా చేశారు. డేవిడ్ చిప్పర్‌ఫీల్డ్ పునరుద్ధరణ ప్రణాళికలో, యుద్ధం తర్వాత ముఖద్వారం కనిపించకుండా నాటిన చెట్ల వరుసను తొలగించాలన్న ప్రతిపాదన ఉంది. ఎన్వేజోర్ దాన్ని సమర్థించారు. నాజీ స్తంభాలను మళ్లీ బయటపెడతారా అని ఊళ్లో గగ్గోలు పుట్టింది. చెట్టు చాటున దాచినంత మాత్రాన చరిత్ర పోతుందా అన్నది అటువైపు వాదన.

2016 అక్టోబరులో ఆ ఇంట్లోనే ఆయన జీవితంలోకెల్లా పెద్ద వ్యాసం తెరుచుకుంది. కేటీ సీగెల్, ఉల్రిక్ విల్మెస్‌లతో కలిసి చేసిన 'పోస్ట్‌వార్' ప్రదర్శనలో 1945 నుంచి 1965 దాకా 65 దేశాలకు చెందిన 218 మంది కళాకారుల పనులున్నాయి. యుద్ధానంతర కళ అంటే న్యూయార్క్ నైరూప్య చిత్రకారులని పాఠ్యపుస్తకాలు చెబుతూ వచ్చాయి. ఇక్కడ హిరోషిమా, దేశ విభజనలు, వలసల విముక్తి కలిసి ఆ ఇరవై ఏళ్ల కథను చెప్పాయి. జాక్సన్ పొలాక్ ఉన్నాడు, కానీ అందరిలో ఒకడిగా. ఎన్‌కా చిన్న పత్రికగా మొదలుపెట్టిన వాదన ఇరవై రెండేళ్ల తర్వాత ఇంత మంది సాక్షులతో నిలబడింది.

చివరి ఏళ్లు కష్టంగా గడిచాయి. క్యాన్సర్ సోకింది. సంస్థ ఆర్థిక ఇబ్బందుల్లో కూరుకుంది. నిర్వహణ లోపాల మీద జర్మన్ పత్రికలు విరుచుకుపడ్డాయి. 2018 జూన్‌లో అనారోగ్య కారణంగా ఆయన పదవి వదిలారు. తర్వాత, ఆయన కుదిర్చిన ఏడ్రియన్ పైపర్, జోన్ జోనస్ ప్రదర్శనలను డబ్బు లేదని సంస్థ రద్దు చేసింది.

వెనిస్, 2015

మ్యూనిక్‌లో ఉండగానే 56వ వెనిస్ బినాలే ఆయనకు దక్కింది. 'ఆల్ ది వరల్డ్స్ ఫ్యూచర్స్' పేరుతో 53 దేశాల నుంచి 136 మందిని పిలిచారు. అందులో 89 మంది ఆ బినాలేకు కొత్త. కేంద్ర పెవిలియన్ ముఖద్వారం మీద ఆస్కర్ మురియో వేలాడదీసిన నల్లటి కాన్వాసులు, గ్లెన్ లైగన్ నియాన్ అక్షరాలు. లోపల డేవిడ్ అజాయే రూపొందించిన అరుగు మీద, ఐజాక్ జూలియన్ దర్శకత్వంలో, బినాలే ఉన్నన్నాళ్లూ మార్క్స్ 'పెట్టుబడి' గ్రంథాన్ని చదివి వినిపించారు.

ఇది చాలామందికి నవ్వు తెప్పించింది. కళను పెట్టుబడిగా కొనే కుబేరుల విహార నౌకలు రేవులో లంగరు వేసి ఉండగా లోపల మార్క్స్ పారాయణమా అన్నారు. ఆ వెక్కిరింతను ఎన్వేజోర్ ఊహించలేదనుకోవడం అమాయకత్వం. అయినా సంస్థల లోపలి నుంచే సంస్థలను ప్రశ్నించాలన్న ఆయన నమ్మకం ఇక్కడ గట్టిగానే ఇరుకున పడింది. ఎంతో ఖర్చుతో నడిచే వేదిక మీద ఖర్చు గురించిన పాఠం ఎంతవరకు చెవికెక్కుతుంది?

వివాదం లేని ఘట్టమూ ఒకటుంది. జీవిత సాఫల్యానికి ఇచ్చే గోల్డెన్ లయన్, సీసా మూతలను రాగి తీగతో కుట్టి గోడంత బట్టలు చేసే ఎల్ అనట్సుయ్‌కి దక్కింది. ఘనాలో పుట్టిన అనట్సుయ్ దశాబ్దాలుగా నసుక్కాలోనే పాఠాలు చెప్పారు. ఎన్వేజోర్ ఒక సెమిస్టర్ చదివి వదిలేసిన విశ్వవిద్యాలయం అదే.

రచనా శైలి, అభ్యంతరాలు

ఎన్వేజోర్ వాక్యం పొడుగు, దాని పరిభాష బరువు. 2003 నాటి 'ది పోస్ట్‌కలోనియల్ కాన్‌స్టలేషన్' ఆయన ఆలోచనకు మంచి ప్రవేశిక. సమకాలీన కళను ఇప్పుడు వలసపాలన అనంతర స్థితి నుంచి తప్ప అర్థం చేసుకోలేమని, పాశ్చాత్య మ్యూజియం కూడా ఆ స్థితిలో భాగమేనని అందులో వాదించారు. ఫ్రాంజ్ ఫనన్, ఎడ్వర్డ్ సయీద్, స్టువర్ట్ హాల్ ఆయన వ్యాసాల్లో నిత్య అతిథులు. కవిత్వం రాసినవాడి వచనం ఇంత పొడిగా ఎందుకుందని అడగవచ్చు. తన మీద పాండిత్యం లేదన్న మచ్చ పడకూడదన్న జాగ్రత్త కొంత కావచ్చు. మనిషి మాత్రం చక్కగా కుట్టించిన సూట్లలో, నిండైన గొంతుతో, సభను కట్టిపడేసే మాటకారి.

ఆయన మీద నిలిచిన అభ్యంతరం ఒకటుంది. ఆఫ్రికా గురించి ఇంత చేసిన మనిషి పెద్ద పనులన్నీ న్యూయార్క్‌లో, జర్మనీలో, ఇటలీలో జరిగాయి. ఆఫ్రికాలో తలపెట్టిన పెద్ద ప్రదర్శన అర్ధాంతరంగా ఆగింది. ఖండంలో ఆయన పేరు చెప్పుకునే మ్యూజియం లేదు, బడి లేదు. జవాబుగా 'ఎన్‌కా'ను, కేటలాగులను, ఆయన దగ్గర పని నేర్చుకున్నవారిని చూపుతారు. కానీ లాగోస్‌లో ఒక విద్యార్థికి ఆ కేటలాగుల ధర కూడా ఒక అడ్డుగోడే.

తర్వాత

2019 మార్చి 15న, యాభై అయిదో ఏట, మ్యూనిక్‌లో ఎన్వేజోర్ కన్నుమూశారు. ఆయనా ఒకేకె అగులూ కలిసి రూపొందించిన ఎల్ అనట్సుయ్ ప్రదర్శన హౌస్ డెర్ కున్‌స్ట్‌లో తెరుచుకుని అప్పటికి వారమే.

ఆయన సగంలో వదిలిన పనులను మిత్రులు పూర్తిచేశారు. అమెరికాలో నల్లజాతివారి శోకం మీద తలపెట్టిన 'గ్రీఫ్ అండ్ గ్రీవెన్స్'ను 2020 అధ్యక్ష ఎన్నికల ముందు తెరవాలని ఆయన అనుకున్నారు. కోవిడ్ వల్ల అది 2021 ఫిబ్రవరికి జరిగి, న్యూయార్క్ న్యూ మ్యూజియంలో 37 మంది కళాకారులతో తెరుచుకుంది. నయోమి బెక్‌విత్, మసిమిలియానో జోని, గ్లెన్ లైగన్, మార్క్ నాష్ దాన్ని ముగించారు. ఆయన ఊహించిన పదిహేనో షార్జా బినాలేను 2023లో హూర్ అల్ కాసిమి నడిపారు. 2002లో కాసెల్ వెళ్లి చూసిన డాక్యుమెంటాయే తనను షార్జా బినాలేను మార్చేందుకు పురికొల్పిందని ఆమె చెబుతారు. విడివిడిగా పడి ఉన్న ఆయన వ్యాసాలను టెర్రీ స్మిత్ సంపాదకత్వంలో డ్యూక్ యూనివర్సిటీ ప్రెస్ రెండు సంపుటాలుగా తెచ్చింది.

2027లో జరగవలసిన పదహారో డాక్యుమెంటాకు కళా దర్శకురాలిగా 2024 డిసెంబరులో, 'గ్రీఫ్ అండ్ గ్రీవెన్స్'ను ముగించినవారిలో ఒకరైన నయోమి బెక్‌విత్‌ను ఎంపిక చేశారు.